ఫ్లీ వదిలే నల్లటి పొడి

వేసవి సెలవులకు ఊరెళ్లిన కుటుంబం, బడులు తెరిచే ముందు జూన్‌లో హైదరాబాద్ తిరిగొస్తుంది. నెల రోజులుగా ఫ్లాట్‌కు తాళం. పిల్లిని బంధువుల ఇంట్లో వదిలి వెళ్లారు, దాన్ని ఇంకా తెచ్చుకోలేదు. తలుపు తీసి, బ్యాగులు లోపల పెట్టి, ఫ్యాన్ వేస్తారు. పిల్లలు హాల్లో అటూ ఇటూ పరుగులు పెడతారు. కాసేపటికే వాళ్ల కాళ్ల మీద ఎర్రటి దద్దుర్లు లేస్తాయి. మడమ దగ్గర మూడు, పిక్క మీద నాలుగు, దగ్గర దగ్గరగా. దోమలేమో అనుకొని కాయిల్ వెలిగిస్తారు. తెల్లారేసరికి ఇంకో పది. జంతువే లేని ఇంట్లోకి జంతువు మీద బతికే పురుగు ఎక్కడి నుంచి వచ్చింది?

బయటి నుంచి రాలేదు. ఆ నెల రోజులూ ఆ పురుగు, అంటే ఫ్లీ, అక్కడే ఉంది. సోఫా కింది దుమ్ములో గూడు కట్టుకొని, ఎవరో ఒకరి అడుగుల అలికిడి కోసం కాచుకొని ఉంది.

ఈ పురుగు గురించి తెలుగులో మాట్లాడాలంటే మొదట పేరు దగ్గరే చిక్కు వస్తుంది. కుక్క ఒంటి మీద ఏది కనబడినా ఒకరు గోమారి అంటారు, ఒకరు పిడుదు అంటారు, ఇంకొకరు పేను అంటారు. జంతువులు పెంచుకునే ఇళ్లలో ఇప్పుడు టిక్స్, ఫ్లీస్ అనే మాటలే నడుస్తున్నాయి. ఆ రెండూ ఒకటే అన్నట్టు వాడేస్తున్నారు కూడా. కానీ ఈ రెండు పురుగులకూ పోలిక లేదు. టిక్‌కు ఎనిమిది కాళ్లు. చర్మానికి కరుచుకొని కదలకుండా ఉంటుంది, రక్తం తాగేకొద్దీ ఆముదం గింజలా ఉబ్బుతుంది. చేత్తో తడిమితే తగులుతుంది. ఫ్లీకి ఆరు కాళ్లే, రెక్కలు ఉండవు. నువ్వు గింజంత సైజు, ముదురు గోధుమ రంగు, రెండు పక్కల నుంచి నొక్కినట్టుండే ఒళ్లు. వెంట్రుకల మధ్య చేప ఈదినట్టు జారిపోతుంది, పట్టుకోబోతే ఎగిరి దూకుతుంది. కుక్కల్లో అందరూ భయపడే టిక్ ఫీవర్ టిక్‌ల వల్ల వచ్చేది. ఫ్లీ తెచ్చే జబ్బుల జాబితా వేరు. అందులో మనుషుల జబ్బులు కూడా ఉన్నాయన్న సంగతే చాలా ఇళ్లలో తెలియదు.

కుక్కలను, పిల్లులను పట్టే ఫ్లీలలో ప్రపంచమంతటా ఎక్కువగా కనిపించేది క్యాట్ ఫ్లీ. పేరులో పిల్లి ఉన్నా కుక్కను వదలదు. మన దేశంలో కుక్కల మీద దాని దగ్గరి బంధువు ఇంకొకటి కూడా బాగా కనిపిస్తుంది. జంతువు ఒంటి మీద తిరిగే పెద్ద ఫ్లీలు మొత్తం సంతతిలో ఐదు శాతమే ఉంటాయని కీటక శాస్త్రవేత్తల లెక్క. మిగతా 95 శాతం గుడ్లుగా, పిల్ల పురుగులుగా, గూళ్లుగా ఇంట్లోనే పడి ఉంటాయి. కుక్కకు స్నానం చేయించి ‘పోయాయి’ అనుకునే ఇంట్లో నిజంగా పోయింది ఆ ఐదు శాతంలో కొంత మాత్రమే.

రక్తం తాగిన ఒకటి రెండు రోజుల్లో ఆడ ఫ్లీ గుడ్లు పెట్టడం మొదలుపెడుతుంది. రోజుకు 40, 50 దాకా పెట్టగలదు. ఆ గుడ్లు వెంట్రుకలకు అంటుకోవు, జంతువు ఎక్కడ పడుకుంటే అక్కడ రాలిపోతాయి. వాటి నుంచి వచ్చే పిల్ల పురుగులు సన్నటి తెల్లటి దారపు ముక్కల్లా ఉంటాయి. వెలుతురు పడదు, కిందికీ చీకట్లోకీ పాకుతాయి. వాటికి జంతువును కుట్టే శక్తి లేదు, రక్తం తాగడం రాదు. అవి ముఖ్యంగా తినేది తల్లి వదిలిన రెట్టను. పెద్ద ఫ్లీ తనకు అవసరమైనదాని కంటే ఎక్కువ రక్తం తాగి, సగం అరిగీ అరగని రక్తాన్ని నల్లటి పొడిలా వదులుతుంది. ఆ పొడి గుడ్లతో పాటే కిందికి రాలుతుంది. పిల్లలకు తల్లి కట్టి ఇచ్చిన సద్దిమూట అది.

ఈ నల్లటి పొడి గుర్తుపెట్టుకోదగ్గది. ఇంట్లో ఫ్లీలు ఉన్నాయా లేదా చెప్పేది అదే. మనిషికి ఫ్లీల వల్ల వచ్చే రెండు జబ్బులు ప్రధానంగా అందులో నుంచే వస్తాయి. ఫ్లీ కుడుతుందని అందరూ భయపడతారు, కానీ అది వదిలే మురికి గురించి ఎవరూ పట్టించుకోరు.

దాన్ని పరీక్షించడం చాలా తేలిక. కుక్కను గానీ పిల్లిని గానీ తెల్లటి దుప్పటి మీద నిలబెట్టి, తోక మొదట్లో, నడుము మీద వెంట్రుకలను సన్న పళ్ల దువ్వెనతో దువ్వాలి. ఇంట్లో తలలో పేలకు వాడే పేలదువ్వెన లాంటిదైనా సరిపోతుంది. మిరియాల పొడి చల్లినట్టు నల్లటి నలుసులు రాలితే వాటిని తడిపిన దూది మీదో, టిష్యూ మీదో పెట్టి అర నిమిషం ఆగాలి. మామూలు మట్టి అయితే మట్టి రంగులోనే ఉంటుంది. ఫ్లీ రెట్ట అయితే నలుసు చుట్టూ ఎర్రటి తుప్పు రంగు మరక పాకుతుంది. అది ఆ జంతువు రక్తమే. ఒక్క ఫ్లీ కూడా కంటికి కనబడకపోయినా ఈ మరక వచ్చిందంటే ఇక సందేహం లేదు. పిల్లుల విషయంలో ఇది మరీ అవసరం. అవి రోజంతా ఒళ్లు నాక్కుంటూ ఉంటాయి కాబట్టి ఫ్లీలను మింగేస్తాయి, సాక్ష్యం మిగలదు.

హైదరాబాద్ వాతావరణంలో

ఫ్లీ పిల్లలకు 20 నుంచి 30 డిగ్రీల వేడి, 70 శాతానికి పైగా తేమ ఉంటే పండగే. గాలి బాగా పొడిగా ఉంటే ఎండి చచ్చిపోతాయి. ఈ లెక్కన జూలై నుంచి సెప్టెంబర్ దాకా నగరం వాటికి కావలసిన రీతిలోనే ఉంటుంది. గుడ్డు నుంచి పెద్ద పురుగు దాకా మూడు వారాల్లో అయిపోతుంది. ఏప్రిల్, మే ఎండలు ఆరుబయట వాటిని చంపుతాయి. కానీ ఇళ్లలో ఎయిర్ కూలర్లు తిరుగుతుంటాయి. బయట 41 డిగ్రీలు ఉన్నా కూలర్ పెట్టిన గది చల్లగా, తేమగా ఉంటుంది. ఆ గదిలోనే మంచం కింద కుక్క పడుకుంటుంది. ఎండాకాలంలో ఫ్లీలు ఉండవన్న ధీమా ఇలాంటి గదిలో పనికిరాదు.

మన ఇళ్లలో కార్పెట్లు తక్కువ. గచ్చు, టైల్స్, గ్రానైట్. రోజూ ఊడ్చి తుడుస్తారు. ఇది నిజంగా మేలే. అయినా దివాన్ కింద, సోఫా కుట్ల సందుల్లో, చెప్పుల స్టాండ్ అడుగున, డోర్ మ్యాట్ కింద చీపురు అందని చోట్లు ఉంటూనే ఉంటాయి. అపార్ట్‌మెంట్ సెల్లార్ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఎండ పడని నేల, ఏళ్ల తరబడి దుమ్ము, కదలని పాత కారు, దాని కింద ఈనిన పిల్లి. ఫ్లీకి అంతకంటే మంచి చోటు ఎక్కడా దొరకదు.

పిల్ల పురుగు పెరిగి పట్టులాంటి దారంతో గూడు కట్టుకుంటుంది. ఆ గూడు జిగురుగా ఉండి దుమ్మూ ఇసుకా అంటించుకుంటుంది, అందువల్ల కంటికి ఆనదు. మామూలుగా కొట్టే పురుగుమందులు దాని లోపలికి సరిగా చేరవు. లోపలి పురుగు వారం పది రోజుల్లో బయటికి రాగలదు, రాకుండా నెలల తరబడి ఆగనూ గలదు. నేల అదిరితే, వెచ్చదనం తగిలితే, ఊపిరితో వచ్చే కార్బన్ డయాక్సైడ్ సోకితే తిండి వచ్చిందని దానికి తెలిసిపోతుంది. తాళం వేసిన ఇంట్లో ఇవేవీ ఉండవు. తలుపు తీయగానే అన్నీ ఒకేసారి మొదలవుతాయి, గూళ్లూ ఒకేసారి తెరుచుకుంటాయి. జానెడు ఎత్తు దూకే పురుగు కాబట్టి కాట్లన్నీ మోకాలి కిందే పడతాయి. దోమకు అలాంటి హద్దు లేదు. నేల మీద పడుకునే పిల్లలకు మాత్రం ఒంటి మీద ఎక్కడైనా కుట్టవచ్చు.

కుక్కలకు, పిల్లులకు

మొదటి నష్టం రక్తం. ఒక లెక్క ప్రకారం 72 ఆడ ఫ్లీలు కలిసి రోజుకు ఒక మిల్లీలీటర్ రక్తం తాగుతాయి. వినడానికి చిన్న మాట. అరకిలో బరువున్న పిల్లిపిల్ల ఒంట్లో మొత్తం రక్తమే సుమారు 30 మిల్లీలీటర్లు. వంద రెండు వందల ఫ్లీలు పట్టిన పిల్లిపిల్ల కొద్ది రోజుల్లోనే నీరసించి, పాలు తాగడం మానేసి, ఒళ్లు చల్లబడి చనిపోవచ్చు. పెదవి ఎత్తి చిగుళ్లు చూస్తే తెలుస్తుంది. గులాబీ రంగులో ఉండాల్సినవి కాగితంలా పాలిపోయి ఉంటాయి. అలా కనిపిస్తే రేపు చూద్దాంలే అనుకోకూడదు, ఆ రోజే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి.

పెద్ద కుక్కల్లో ఎక్కువ బాధ పెట్టేది అలర్జీ. ఫ్లీ కుట్టేటప్పుడు వదిలే లాలాజలం కొన్ని జంతువులకు పడదు. అలాంటి కుక్కకు వందలు అక్కర్లేదు, ఒకటి రెండు కాట్లకే రోజుల తరబడి దురద. తోక మొదట్లో, తొడల వెనక కొరుక్కొని కొరుక్కొని జుట్టు ఊడుతుంది, పచ్చి పుండు పడుతుంది, వాసన వస్తుంది. ఇంట్లోవాళ్లు తిండి పడలేదేమో అని చికెన్ మానిపిస్తారు, షాంపూలు మారుస్తారు. ఫ్లీల సంగతి ఎత్తితే ‘ఒక్కటి కూడా కనబడలేదండీ’ అంటారు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. అలర్జీ ఉన్న జంతువు అంతగా కొరుక్కుంటుంది కాబట్టే ఫ్లీలు మిగలవు. జుట్టు ఊడింది ఎక్కడ అన్నదే ఇక్కడ అసలు ఆధారం. నడుము కింది నుంచి తోక దాకా ఊడితే మొదట ఫ్లీలనే అనుమానించాలి.

మూడోది టేప్‌వార్మ్. ఫ్లీ పిల్ల పురుగు నేల మీద దొరికింది తింటూ ఈ బద్దెపురుగు గుడ్లను కూడా మింగుతుంది. అది పెద్దయి కుక్క మీదికి చేరుతుంది. దురదపెట్టి కుక్క కొరుక్కునేటప్పుడు ఆ ఫ్లీ కడుపులోకి పోతుంది, లోపలి బద్దెపురుగు పేగులో పెరుగుతుంది. కుక్క మలద్వారం దగ్గర, పడుకున్న గుడ్డ మీద వండిన మెతుకుల్లాంటివి కదులుతూ కనిపిస్తే అవి ఆ పురుగు తుంపులే. నులిపురుగులకు ఇచ్చే మందులన్నీ దీని మీద పనిచేయవు, ప్రాజిక్వాంటెల్ ఉన్న మందు కావాలి. అదిచ్చినా ఫ్లీలు ఇంట్లో ఉన్నంత కాలం మళ్లీ మళ్లీ వస్తుంది.

మనుషులకు

ఇదే టేప్‌వార్మ్ చిన్నపిల్లలకూ రావచ్చు. కుక్కపిల్లతో నేల మీద ఆడుకొని చేతులు నోట్లో పెట్టుకునే వయసులో ఎక్కడో ఒక ఫ్లీ కడుపులోకి పోతే చాలు. అరుదే, ప్రమాదమూ తక్కువే. డైపర్‌లో మెతుకుల్లాంటివి చూసి తల్లి హడలిపోతుంది. డాక్టర్‌కు ఆ ఇంట్లో కుక్క ఉందని చెబితే సరైన మందు త్వరగా దొరుకుతుంది.

కాట్ల వల్ల వచ్చే దద్దుర్లను పిల్లల్లో చాలాసార్లు ‘వేడి చేసింది’ అని వదిలేస్తారు. గోకి గోకి చీము పట్టి, మానినా నల్ల మచ్చలు మిగులుతాయి. ఒకరికి ఒళ్లంతా దద్దుర్లు, పక్కనే పడుకున్నవాళ్లకు ఏమీ లేకపోవడం కూడా మామూలే. ఇద్దరినీ కుడతాయి, ఒకరి ఒంటికి పడదు, అంతే.

జాగ్రత్తగా చూడాల్సిన జబ్బులు నల్లటి పొడితో వచ్చేవి. పిల్లిపిల్ల గీరితే వచ్చే జ్వరాన్ని క్యాట్ స్క్రాచ్ డిసీజ్ అంటారు. దానికి కారణమైన బార్టొనెల్లా అనే బ్యాక్టీరియా ఫ్లీ రెట్టలో ఉంటుంది. పిల్లి గోక్కుంటే ఆ మురికి గోళ్ల కిందికి చేరుతుంది, ఆ గోరు మనిషి చేతిని గీరుతుంది. కొన్ని రోజులకు గీరినచోట చిన్న పొక్కు, ఆ తర్వాత చంకలోనో మెడ మీదో నొప్పితో బిళ్ల కడుతుంది. బిళ్ల అనగానే మన దగ్గర మొదట టీబీ భయం పట్టుకుంటుంది. చాలామందిలో ఈ జబ్బు దానంతట అదే తగ్గుతుంది. రోగనిరోధక శక్తి తగ్గినవారికి, అంటే కీమోథెరపీ తీసుకుంటున్నవారికి, అవయవ మార్పిడి చేయించుకున్నవారికి మాత్రం ముదరవచ్చు. దీనికి పిల్లిని ఇంట్లోంచి గెంటేయనక్కర్లేదు. దాని మీద ఫ్లీలు లేకుండా చూసి, గీరినచోట వెంటనే సబ్బుతో కడిగితే ముప్పు చాలా వరకు తగ్గుతుంది.

రెండోది మ్యూరైన్ టైఫస్. ఇది ఎక్కువగా ఎలుకల ఫ్లీతో వస్తుంది. రికెట్సియా అనే సూక్ష్మజీవి ఫ్లీ పేగులో పెరిగి రెట్టలో బయటపడుతుంది. ఫ్లీ కుట్టినచోట మనిషి గోక్కున్నప్పుడు తన చేత్తో తానే ఆ మురికిని చర్మం లోపలికి రుద్దుకుంటాడు. ఒకటి రెండు వారాలకు జ్వరం, భరించలేని తలనొప్పి, ఒళ్లునొప్పులు, కొందరికి ఛాతీ పొట్ట మీద సన్నటి ఎర్ర దద్దు. వానాకాలంలో డెంగీ, మలేరియా, టైఫాయిడ్ మధ్య ఇలాంటి జ్వరం తప్పిపోవడం తేలిక. పేరు కూడా మోసం చేస్తుంది. టైఫస్ అంటే టైఫాయిడే అనుకుంటారు, కానీ ఒకటి కలుషితమైన నీళ్లు, తిండితో వచ్చేది, ఇంకొకటి పురుగుతో వచ్చేది, మందులూ వేరు. పొలాల్లో, పొదల్లో ఉండే సన్నటి పురుగులతో వచ్చే స్క్రబ్ టైఫస్ మళ్లీ ఇంకొకటి. మ్యూరైన్ టైఫస్‌కు డాక్సీసైక్లిన్ అనే పాత, చవకైన మందు బాగా పనిచేస్తుంది. కానీ అనుమానం వస్తేనే కదా డాక్టర్ అది రాసేది. జ్వరంతో వెళ్లినప్పుడు ఇంట్లో ఎలుకలున్నాయనో, దుకాణం వెనక గోడౌన్‌లో పడుకుంటాననో, కుక్కకు ఫ్లీలు పట్టాయనో డాక్టర్‌కు చెప్పాలి. ఎలుకల మాట చెప్పుకోవడానికి చాలామందికి నామోషీ. రక్తపరీక్షల కంటే ముందు దారి చూపేది ఒక్కోసారి ఆ మాటే.

ఈ నగరానికి ఎలుకా ఫ్లీ జంట కొత్త కాదు. 1896లో బొంబాయిలో బయటపడిన ప్లేగు ఆ తర్వాతి దశాబ్దాల్లో దేశంలో కోటి మందికి పైగా ప్రాణాలు తీసింది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. మరుసటి ఏడాదే కరాచీలో పాల్ లూయి సిమాండ్ అనే ఫ్రెంచి డాక్టర్, ప్లేగును ఎలుక నుంచి మోసుకొచ్చేది ఫ్లీ అని కనిపెట్టాడు. రాస్ మాటను లోకం త్వరగానే నమ్మింది, సిమాండ్ మాటను ఏళ్ల తరబడి నమ్మలేదు. హైదరాబాద్‌లో 1908 మూసీ వరద, ఆ వెనకే 1911 ప్లేగు వచ్చాక, గాలీ వెలుతురూ లేని ఇరుకు బస్తీలను మార్చడానికి 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. నల్లకుంట ఫీవర్ ఆస్పత్రికి ఇప్పుడు రాస్ పేరే ఉంది, పాతకాలం వాళ్ల నోట మాత్రం అది ‘కోరంటి దవాఖానా’. క్వారంటైన్ అనే మాట జనం నాలుక మీద నలిగి కోరంటి అయింది. ఇప్పుడు నగరంలో ఫ్లీ కుట్టిందని ఎవరూ ప్లేగుకు భయపడాల్సిన పని లేదు. 1994లో సూరత్ వణికిపోయిన సంగతి పెద్దలకు గుర్తుండే ఉంటుంది, ఆ తర్వాత దేశంలో అక్కడక్కడా చిన్నగా కనబడి ఆగిపోయింది.

ఆ రోజుల అనుభవం నుంచి ఈ రోజుకూ పనికొచ్చే సంగతి ఒకటుంది. ఎలుక చచ్చి చల్లబడగానే దాని మీది ఫ్లీలు దిగిపోయి ఇంకో వెచ్చటి ఒళ్లు వెతుక్కుంటాయి. అందుకే ఎలుకలు రాలడం చూస్తే ఊళ్లు ఖాళీ చేసి పొలాల్లో పాకలు వేసుకునేవారు. ఇప్పుడు అటక మీద ఎలుకల మందు పెట్టి, చచ్చిన ఎలుక వాసన వచ్చేదాకా ఆగితే అదే జరుగుతుంది. ముందు ఎలుకలు తిరిగే చోట ఫ్లీల మందు కొట్టించి, ఆ తర్వాత ఎలుకల పని పట్టాలి. చచ్చినవాటిని ఉత్త చేత్తో ముట్టకుండా వెంటనే తీసేయాలి.

సెల్లార్‌లో ఈనిన పిల్లిని తరిమేయమని అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో వచ్చే ఒత్తిడి వల్లా ఇదే నష్టం. పిల్లి పోతుంది, గూళ్లు మిగులుతాయి. ఆకలితో బయటికొచ్చిన ఫ్లీలకు మనుషుల కాళ్లే దొరుకుతాయి. పిల్లికీ దాని పిల్లలకూ మందు వేయించి, ఆ చోటు శుభ్రం చేయించడమే లాభం. వీధికుక్కల విషయంలో, 2023లో కేంద్రం తెచ్చిన జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసిన కుక్కను సాధారణంగా పట్టిన చోటే వదలాలి. అది ఆ వీధిలోనే ఉంటుంది కాబట్టి దాని ఒంటి మీద పురుగులు లేకుండా చూసుకోవడం ఆ వీధి మొత్తానికీ మంచిది.

మందు వేయడంలో జరిగే ఒక పొరపాటు ప్రాణాలు తీస్తుంది. కుక్కల మెడ మీద వేసే కొన్ని చుక్కల మందుల్లో, పొడుల్లో పెర్మెత్రిన్ అనే పురుగుమందు ఉంటుంది. కుక్క తట్టుకుంటుంది, పిల్లి తట్టుకోలేదు. దాన్ని విరిచేసే శక్తి పిల్లి కాలేయానికి లేదు. ‘కుక్కకు వేసి మిగిలింది, పిల్లికి కొంచెమే కదా’ అని వేస్తే కొన్ని గంటల్లో వణుకు, ఫిట్స్ మొదలవుతాయి. ఫినాయిల్ కలిపిన నీళ్లతో స్నానం, కిరోసిన్ రుద్దడం, బొద్దింకల చాక్‌పీసు ఒంటికి గీయడం కూడా అంతే ప్రమాదం. ముఖ్యంగా పిల్లి ఒంటికి అంటిందల్లా నాకుతుంది. వేపనూనె, పసుపు మీద నమ్మకం ఉన్నవాళ్లు చాలామంది. దురద కాస్త తగ్గినట్టు అనిపించినా ఫ్లీల సంతతి వాటితో తెగదు.

తెగాలంటే మూడు పనులు ఒకేసారి జరగాలి. ఇంట్లో ఉన్న ప్రతి కుక్కకూ ప్రతి పిల్లికీ, బరువూ వయసూ చూసి డాక్టర్ చెప్పిన మందు కనీసం మూడు నెలలు విడవకుండా వాడాలి. గూళ్లలో దాగినవన్నీ ఒకదాని తర్వాత ఒకటి బయటికొచ్చి ఆ మందు తగిలి చావడానికి అంత కాలం పడుతుంది. మూర్ఛ వచ్చిన చరిత్ర ఉన్న కుక్క అయితే ఆ మాట ముందే చెప్పాలి, కొత్తరకం బిళ్లల్లో కొన్ని దానికి పడవు. జంతువులు పడుకునే గుడ్డలు వారం వారం బాగా వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేయాలి. సోఫా సందులు, మంచం కింద, చెప్పుల స్టాండ్ వ్యాక్యూమ్‌తో లాగి, ఆ దుమ్మును కవర్లో కట్టి వెంటనే ఇంటి బయట పారేయాలి. వ్యాక్యూమ్ అదురుకు గూళ్లు తెరుచుకోవడం కూడా మంచిదే, బయటికొచ్చినవి మందు వేసిన జంతువు మీదికెక్కి చస్తాయి. మొదటి రెండు మూడు వారాల్లో ఫ్లీలు ఎక్కువైనట్టు కనబడటానికి కారణం ఇదే. మందు పనిచేయలేదని అప్పుడు ఆపేసేవాళ్లే ఎక్కువ. ఖర్చు భరించలేనివారికి నారాయణగూడలో ప్రభుత్వ పశువైద్యశాల, రాజేంద్రనగర్‌లో వెటర్నరీ కాలేజీ ఆస్పత్రి ఉన్నాయి.

అపార్ట్‌మెంట్‌లో మందు కొట్టించేటప్పుడు ఐదో అంతస్తు ఫ్లాట్‌తో పని మొదలవుతుంది, డబ్బులిచ్చేది వాళ్లు కాబట్టి. ఎక్కువ కాట్లు పడేది కింద సెల్లార్ పక్క గదిలో, నేల మీద చాప పరుచుకొని పడుకునే వాచ్‌మన్ పిల్లలకు. పిల్లి ఈనిన చోటుకీ ఆ చాపకూ మధ్య దూరం నాలుగడుగులే. పని ఆ గది నుంచి మొదలుపెట్టి పైకి రావాలి.